మధ్యాహ్నం కునికే గుండెలు

పెరుగు తోడు అరువిచ్చే ఇంటికి ఒక దర్జా ఉంటుంది. వీధిలో ఎవరింట్లో పాలు విరిగినా, ఎవరి తోడు పులిసిపోయినా చిన్న గిన్నె పట్టుకుని ఆ గుమ్మంలోకే రావాలి. ఆ ఇల్లాలు "దానికేం భాగ్యం" అంటూనే చెంచాడు తోడు వేసి, పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు వెయ్యకండని ఒక సలహా కూడా పడేస్తుంది. దర్జా అంతా ఆ సలహాలోనే ఉంటుంది.

దేశంలో గుండె మీద పరిశోధన చేసేవాళ్ళందరికీ కాకినాడలోని త్రిపురసుందరిగారి ల్యాబు అలాంటి ఇల్లు.

గుండెపోటు వచ్చి తగ్గాక, దెబ్బతిన్న చోట కండ చచ్చి మచ్చ కట్టేస్తుంది. ఆ మచ్చ మీద అతికించడానికి రోగి నెత్తుటి కణాలతోనే తమలపాకంత గుండె రేకును పెంచడం డాక్టర్ కొప్పిశెట్టి త్రిపురసుందరి కనిపెట్టిన విద్య. పెంచడం వరకూ ఇంకొందరికీ వచ్చు. దానికి కొట్టుకోవడం నేర్పడమే ఎవరికీ రాలేదు. కొత్త రేకులో ఏ కణానికి ఆ కణం తన ఇష్టమొచ్చినట్టు అదురుతుంటుంది, ఒకదాని మాట ఒకటి వినదు. అప్పటికే చక్కగా కొట్టుకుంటున్న పాత రేకులోంచి గోరంత ముక్క కోసి దానికి ఆనించి ఉంచితే, మర్నాటికి కొత్త రేకంతా ఆ లయ పట్టుకుంటుంది. ఆ తర్వాత ముక్కను తీసేస్తారు. పత్రికల్లో దీనికి బారెడు పేరు పెట్టి రాశారు గానీ, ల్యాబులో మాత్రం అందరూ తోడు పెట్టడమనే అంటారు.

తోడు తీసే పాత రేకు పేరు అమ్మ రేకు. అది ఇరవై ఏళ్ళకు పైగా ఒక గాజుతొట్టెలో గోరువెచ్చటి నీళ్ళలో కొట్టుకుంటూనే ఉంది. కోసిన చోటల్లా మళ్ళీ పెరుగుతుంది. అది బద్ధకించకుండా సన్నటి కరెంటు తట్టులతో కసరత్తు చేయించే పెట్టె ఒకటి పక్కనే టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఈ దేశంలో నలభై వేల మంది ఛాతీల్లో ఉన్న రేకులన్నీ ఆ ఒక్క అమ్మ దగ్గర లయ నేర్చుకున్నవే.

పూణెలో రానడే అని పెద్ద డాక్టరున్నాడు. ఆయనదీ ఇదే పని. ఆయన ల్యాబు అద్దంలో మొహం చూసుకునేంత శుభ్రంగా ఉంటుంది. కాకినాడ నుంచి తోడు పట్టుకెళ్ళి తనూ ఒక అమ్మ రేకును పెంచుతాడు, అది ఆరు నెలలు తిరక్కుండా బిరుసెక్కి చచ్చిపోతుంది. మళ్ళీ చల్లటి డబ్బా ఇచ్చి విమానంలో మనిషిని పంపిస్తాడు. ఆ మనిషి మెట్లెక్కుతుంటే త్రిపుర దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మెహరున్నీసా నవ్వాపుకుని, "వచ్చారండీ, గిన్నె పట్టుకుని" అనేది.

నీళ్ళు, ఉప్పు, చక్కెర, వెచ్చదనం, అన్నీ ఒక్కటే. ఏ తేడా లేదు. ఎందుకు చస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. మా ఉప్పుటేరు గాలి మహిమ అని మెహర్ అంటే త్రిపుర కోప్పడేది. కోప్పడుతూనే లోపల కాస్త సంతోషించేది కూడా. మనిషే కదా.

అసలు ఆవిడ ఇక్కడిదాకా వచ్చిందే వింతగా. చదువయ్యాక మహానగరాల్లో పెద్ద ల్యాబులు రమ్మని పిలిస్తే, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు కాకినాడలో అద్దె మేడమీద రెండు గదుల్లో పని మొదలెట్టింది. భర్త వెంకటరత్నానికి టెంట్ హౌస్ ఉండేది. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిచ్చేవాడు. తొలి రోజుల్లో ల్యాబులో బల్లలు, కుర్చీలు, చివరకు జనరేటరు కూడా టెంట్ హౌస్‌వే. ముహూర్తాలు ఎక్కువున్న నెలల్లో కుర్చీలన్నీ పెళ్ళిళ్ళకు పోతే శాస్త్రజ్ఞులు నిలబడి పనిచేసేవారు.

అమ్మ రేకు దక్కింది గానీ, ఆవిడకు మధ్యాహ్నాలు దక్కలేదు. పొద్దున్న వెళ్తే దీపాలు పెట్టాకే రావడం. పదకొండేళ్ళ కిందట ఒకరోజు భోజనాలవేళ రత్నానికి గుండెపోటొస్తే, ఆస్పత్రికి తీసుకెళ్ళింది టెంట్ హౌస్ పనివాళ్ళు. త్రిపుర ల్యాబులో ఎలకల గుండెలు చూసుకుంటోంది. ఆ బాధ ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. మనిషికి అతికించిన మొదటి రేకు రత్నానిదే. అది అతికాకే ఆయన మళ్ళీ మేడమెట్లెక్కాడు, ఆవిడకు పతకాలొచ్చాయి, మేడమీది రెండు గదులు ఆస్పత్రి ఆవరణలో సొంత భవనమయ్యాయి.

అంతా బాగుందనుకుంటుండగా దుబాయి నుంచి ఫోనొచ్చింది.

అమలాపురం నుంచి వెళ్ళి అక్కడ క్రేను నడుపుతున్న పెచ్చెట్టి ఈశ్వరరావు చేశాడు. ఆయనకూ రేకు వేసి నాలుగేళ్ళయింది. రేకులోంచి వచ్చే సన్నటి తీగె, గుండె సంగతులన్నీ చేతి గడియారానికి చెబుతుంది. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు తన గుండె నెమ్మదిస్తోందని గడియారం మోగుతోందని ఆయన గోడు.

త్రిపుర తేలిగ్గానే తీసుకుంది. ఇక్కడి రోగులకూ మధ్యాహ్నం గుండె కాస్త నెమ్మదించడం ఆవిడకు తెలిసిన సంగతే. పప్పన్నం తిని నడుం వాల్చేవాడి గుండె పరిగెడుతుందా? అదే ఆయనతోనూ అంది.

"నేను పడుకోనండీ," అన్నాడు ఈశ్వరరావు. "ఆ టైముకి నేను క్రేను మీద ఉంటానండీ. కింద మనుషులుంటారు."

ఫోను పెట్టేశాక త్రిపుర లెక్క చూసింది. దుబాయిలో పన్నెండున్నరంటే ఇక్కడ రెండు. ఇక్కడివాళ్ళకూ సరిగ్గా రెండింటికే మొదలై నాలుగింటిదాకా ఉంటోంది. తిన్నవాడికీ తిననివాడికీ, పడుకున్నవాడికీ బస్సులో నిలబడ్డవాడికీ ఒకే వేళకు. అంటే ఆ కునుకు మనుషులది కాదు, రేకులది. అది తెలిశాక ఆవిడకు ఆ పూట అన్నం సయించలేదు.

సంగతి దాస్తే దాగేది కాదు, ఆవిడ దాచనూ లేదు. తనే ప్రభుత్వంలో పైవాళ్ళకు రాసింది. వారం తిరక్కుండా టీవీలవాళ్ళు దానికి 'మధ్యాహ్న మృత్యువు' అని పేరు పెట్టేశారు. నిజానికి దానివల్ల ఒక్కరూ పోలేదు. కానీ రేపు పోరని ఎవరు చెప్పగలరు? రేకులున్నవాళ్ళు రెండయ్యేసరికి గడియారం చూసుకుంటూ వణకడం మొదలెట్టారు. ఆ వణుక్కే సగం మంది జబ్బుపడేలా ఉన్నారు.

నిపుణుల సంఘం వేశారు. దానికి పెద్ద రానడే. ఆయన చెడ్డవాడేం కాదు, పద్ధతైన మనిషి. రేకులో ఉన్న తీగె ద్వారానే బయటినుంచి తట్టులు పంపి, రోజంతా ఒకే వేగంతో కొట్టుకునేలా చేద్దామన్నాడు. కోత లేదు, కుట్టు లేదు. దానికి కళ్ళెం అని పేరుపెట్టారు. ముందు ఒకరిద్దరి మీద చూసి, బాగుంటే నలభై వేల మందికీ వేసేద్దామన్నాడు. అసలు రేకు ఎందుకు నెమ్మదిస్తోందో చెప్పమని త్రిపురను నిండు సభలో అడిగాడు.

తెలియదు అనడానికి సిగ్గుపడకూడదని ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా విద్యార్థులకు చెబుతోంది. ఆరోజు ఆ మాట తనే అనాల్సొచ్చింది.

ఇంటికొచ్చేసరికి రత్నం మామిడికాయ పప్పులో నెయ్యి వేసుకుంటున్నాడు. టీవీలో అంతా చూశాడు. ఆయనకు మాటలు తిప్పడం రాదు. కళ్ళెం ముందు తనకే వెయ్యమని రానడేగారికి చెప్పేశానన్నాడు. మొదటి రేకు తనది కాబట్టి మొదటి కళ్ళెమూ తనదేనట. పెళ్ళిలో మొదటి పంక్తిలో కూర్చుంటానన్నట్టే చెప్పాడు.

త్రిపుర కంచం ముందునుంచి లేచిపోయింది. తనను అడక్కుండా ఎలా ఒప్పుకున్నారని అడిగింది. అరిచింది కూడా. రత్నం మజ్జిగ పోసుకుని నిదానంగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, నన్ను పదకొండేళ్ళు నిలబెట్టింది నా పెరటి చెట్టేగా," అన్నాడు. "ఇప్పుడు ఊరూవాడా దాన్ని ఆడిపోసుకుంటుంటే నేను చూస్తూ కూర్చోనా?"

"నాకు భయంగా ఉందండీ."

"దేనికి? కారణం చెప్పు త్రిపురా, ఈ క్షణమే మానేస్తాను. భయమేస్తోందంటే అది కారణం కాదని పిల్లలకి పాఠం చెప్పేది నువ్వే కదా."

ఆవిడ దగ్గర కారణం లేదు. ఉన్నదల్లా భయమే. అందుకని ఆయన బట్టలు సంచిలో సర్దింది.

ల్యాబు పక్కనున్న ఆస్పత్రిలోనే రత్నానికి కళ్ళెం వేశారు. రానడే, సంఘంలోని మరికొందరు పెద్దలు దిగారు. మొదటి రోజు రెండయింది. తెరమీద గుండె వేగాన్ని చూపే గీత చెక్కుచెదరలేదు. రెండున్నరైనా అంతే. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. రత్నం ఆ మధ్యాహ్నం కునుకు తియ్యలేదు సరికదా, మంచం మీద బాసింపట్టు వేసుకుని, తుఫాను గాలిలో కూడా లేవకుండా షామియానా ఎలా బిగించాలో వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. కుర్రాణ్ణయిపోయానన్నాడు. త్రిపుర కూడా నవ్వింది. ఇక గండం గడిచిందేమో, ఊరికే కంగారుపడ్డానేమో అనుకుంది.

మర్నాడు ఆయన గొంతు కాస్త పలచబడింది. ఆస్పత్రి ఉప్మా తిన్నవాడెవడికైనా అంతేనన్నాడు. ఆ మర్నాటికి మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. మేజోళ్ళు తీస్తే కాళ్ళమీద గాడిలా పడిన గుర్తు చాలాసేపు పోలేదు. పరీక్ష చేస్తే రేకు పిండే బలం కొంచెం తగ్గింది. కొత్త చెప్పు మొదట్లో కరుస్తుంది, సర్దుకుంటుందని రానడే అన్నాడు. ఆయన చూపించిన అంకెల ప్రకారం అది తప్పు మాటేం కాదు. కానీ ఆ కాళ్ళు ఎవరివో త్రిపురకు తెలుసు. పదకొండేళ్ళ కిందట ఆ వాపును ఆవిడ చేత్తో నొక్కి చూసింది. మళ్ళీ అదే వాపును నొక్కాల్సి వస్తుందని అనుకోలేదు.

గదిలో ఉండలేక, రత్నం రేకు తాలూకు పాత సంగతులేమైనా దొరుకుతాయేమోనని ల్యాబుకు నడిచింది. అప్పటికి రెండు కావస్తోంది. మెహర్ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని కొడుకుతో మాట్లాడుతోంది, ఒక చేతిలో క్యారేజీ ఉంది. రెండో చేత్తో గోడమీద స్విచ్చు ఒకటి కట్టేసింది. గాజుతొట్టె మీదికి నల్లగుడ్డ లాగింది. ఫోను మాట ఆగలేదు, అటు తిరిగి చూడను కూడా లేదు. అలాగే భోజనాల గదివైపు కదిలింది.

టిక్కు టిక్కు ఆగిపోయింది.

ఆ చప్పుడు ఆగడం త్రిపుర వేలసార్లు చూసి ఉంటుంది. కానీ ఎన్నడూ పట్టించుకోలేదు. ఆరోజు ఆ నిశ్శబ్దం చెవిలో గట్టిగా వినిపించింది.

"మెహర్, ఏం చేశావిప్పుడు?"

మెహర్ కంగారుగా ఫోను తీసేసింది. "ఏం చేశాను మేడమ్?"

"ఆ స్విచ్చు."

"భోజనాలవేళ కదా మేడమ్. ఆ టిక్కుటిక్కు వింటూ అన్నం తినలేమని రోజూ కట్టేస్తాంగా."

"ఎప్పటినుంచి?"

మెహర్ ఆలోచించింది. "నేను చేరినప్పటికే అలవాటు మేడమ్. అప్పట్లో కరెంటు కోతలుండేవి కదా, రెండింటికి పోయి నాలుగింటికొచ్చేది. కోతలు పోయినా మనం మాత్రం..."

మిగతాది త్రిపురకు చెప్పనక్కర్లేకపోయింది. మేడమీది రెండు గదులు, కింద సందులో డుగడుగమంటూ రత్నం జనరేటరు కళ్ళకు కట్టాయి. పెళ్ళిపందిట్లో రంగు బల్బులకు సరిపోయేది గానీ ఆ పాతసామాను ల్యాబును మొయ్యలేకపోయేది. తొట్టె వెచ్చగా ఉంచడానికే దాని తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని రోజూ కోత వేళకు కసరత్తు పెట్టె కట్టేసి, వేడి పోకుండా తొట్టె మీద నల్లగుడ్డ కప్పేవారు. లెక్కలు రాసే కంప్యూటరూ అప్పుడూ ఇప్పుడూ అదే స్విచ్చు మీద. అది కూడా ఆగిపోయి, కరెంటొచ్చాక మధ్యలో ఖాళీని తనకు తానే తిన్నటి గీతతో పూడ్చుకునేది. అందుకే ఈ రెండు గంటల సంగతి ఏ పత్రంలోకీ ఎక్కలేదు. కొన్నేళ్ళకు కోతలు పోయాయి, ల్యాబు కొత్త భవనానికి మారింది, స్విచ్చులు మారాయి. భోజనాలవేళ పెట్టె కట్టేసి గుడ్డ కప్పి, నాలుగింటికి తీసే అలవాటు మాత్రం మారలేదు. మధ్యాహ్నం గుడి తలుపులు మూసినంత సహజంగా సాగిపోయింది.

పూణెవాళ్ళకు నీళ్ళ దగ్గర్నుంచి ఉప్పు దాకా అన్నీ చెప్పారు. ఇది చెప్పలేదు. తోడేసిన గిన్నె మీద మూత పెట్టమని ఎవరైనా వేరే చెబుతారా?

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అమ్మ రేకు రోజూ రెండు గంటలు విశ్రాంతి తీసుకోవడం నేర్చుకుంది. తోడుతో పాటు ఆ విద్యను నలభై వేల గుండెలకు నేర్పింది. దుబాయిలో క్రేను మీదున్నా, కాకినాడలో మంచం మీదున్నా ఆ గుండెలు తమ అమ్మ వేళకే కునుకుతున్నాయి. త్రిపురకు నవ్వొచ్చింది. హమ్మయ్య, ఇది జబ్బు కాదు, అలవాటు అనుకుంది.

ఆ నవ్వు అంతలోనే ఆగిపోయింది. విశ్రాంతి తీసుకున్న అమ్మ ఇరవై ఏళ్ళు బతికింది. పూణెలో అమ్మకు విశ్రాంతే లేదు. అది ఆరు నెలలకే బిరుసెక్కి చచ్చిపోతోంది. ఇప్పుడు పక్క భవనంలో రత్నం గుండెకు రోజంతా విశ్రాంతి లేకుండా కళ్ళెం బిగించి ఉంది. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తడం మెహర్ అంతకుముందెప్పుడూ చూడలేదు. వెనకే తనూ పరిగెత్తింది.

రానడే వరండాలో సంఘంవాళ్ళతో నిలబడి టీ తాగుతున్నాడు. త్రిపుర ఆయాసంతోనే ఇంగ్లీషులో అడిగింది, మీ అమ్మ రేకుకు కసరత్తు ఎప్పుడైనా ఆపుతారా అని. ఒక్క క్షణం కూడా ఆపమన్నాడాయన, ఆ మాటలో గర్వం ఉంది. మూడు రకాల బ్యాటరీలు పెట్టారట, కరెంటు పోయినా పెట్టె ఆగదట.

"అందుకే చచ్చిపోతోంది," అంది త్రిపుర.

చెప్పాల్సింది గబగబా చెప్పింది. రానడే శ్రద్ధగానే విన్నాడు. విని, ఊహ బాగుంది గానీ రుజువేదన్నాడు. రెండు తొట్టెలు పెట్టి, ఒకదానికి విశ్రాంతినిచ్చి, ఇంకోదానికి ఇవ్వకుండా ఆరు నెలలు చూడాలన్నాడు. శాస్త్రజ్ఞుడు అడగాల్సిన మాటే అది. ఆయన స్థానంలో ఉంటే త్రిపురా అదే అడిగేది.

"ఆ ప్రయోగం మీరు చేసేశారు డాక్టర్," అందావిడ. "ఒకసారి కాదు, ఏటా చేశారు. ఒక తొట్టె మా దగ్గరుంది, రెండోది మీ దగ్గర చచ్చిపోతూ వచ్చింది."

 అప్పుడు రానడే, ఆవిడ ఏ ప్రశ్నకు భయపడుతోందో ఆ ప్రశ్నే అడిగాడు. ఇంత పెద్ద సంగతి మీ పత్రాల్లో ఒక్కదాంట్లోనూ ఎందుకు లేదన్నాడు.

చుట్టూ దేశంలోని పెద్ద డాక్టర్లున్నారు. ఆవిడ పేరు చెప్పి పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు వాళ్ళు. మా విద్యలో అసలు కీలకం మాకే తెలియదని, అది మేం కనిపెట్టిందే కాదని, ఒక చేతగాని జనరేటరు వల్ల వచ్చిందని వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ పేరు ఒక్క మాటతో నవ్వులపాలైపోతుంది.  కానీ తెరిచి ఉన్న తలుపులోంచి రత్నం ఊపిరి కోసం యాతన పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మాకు మధ్యాహ్నం కరెంటు ఉండేది కాదు," అంది. "మా ఆయన టెంట్ హౌస్ జనరేటరుకి ఆ పెట్టెను నడిపే సత్తా లేదు. అందుకని కట్టేసేవాళ్ళం. తర్వాత మరిచిపోయాం."

సంఘంలో ఒక చిన్న డాక్టరుకు నవ్వొచ్చి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. రానడే మాత్రం నవ్వలేదు. టీ కప్పు కిటికీలో పెట్టి, గదిలోకి వెళ్ళి, తన చేత్తోనే కళ్ళెం తీసేశాడు. త్రిపుర మనసులో ఆయనకు దణ్ణం పెట్టుకుంది.

ఆరోజుకు కునుకు వేళ సగం దాటిపోయింది. గీత కదల్లేదు. మర్నాడు రెండయ్యేసరికి అందరూ రత్నం మంచం చుట్టూ చేరారు. వారం కిందట ఆ గీత పడిపోతుందని దేశమంతా హడలిపోయింది. ఇప్పుడు అది పడాలని ఇంతమంది పెద్దలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. రెండు దాటింది. పడలేదు. ఇంకొంచెంసేపు చూశారు. పడలేదు. కళ్ళెం ఆ అలవాటును చంపేసిందేమో, ఆలస్యం చేశానేమో అని త్రిపుర మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. మెహర్ పెదాలు కదుపుతూ తన దేవుణ్ణి తలుచుకుంటోంది.

ఇవేవీ పట్టకుండా రత్నం తన వచ్చీరాని హిందీలో రానడేకు పందిరి గుంజలు ఎంత లోతున పాతాలో చెబుతున్నాడు. ఎర్రమట్టి నేలలో అయితే ఇంత, ఇసుక నేలలో అయితే ఇంత అని చెయ్యెత్తి చూపించబోయాడు. ఆ చెయ్యి సగంలో ఆగింది. కళ్ళు మూతలు పడ్డాయి. తల దిండు మీదికి వాలింది.

గీత నెమ్మదిగా, మెట్టు దిగినట్టు కిందికి దిగింది.

 కాసేపటికి రత్నం గురక మొదలెట్టాడు. ఇన్నేళ్ళుగా ఆ గురకను తిట్టిన త్రిపుర ఆరోజు దాన్ని పాట విన్నట్టు విని, అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. బతికించావు తండ్రీ అని పైకే అనేసింది. మెహర్ కూడా ఏడ్చింది. రానడే లేచి, చప్పుడు కాకుండా కిటికీ తెర లాగాడు.

తర్వాతదంతా మంచే. రత్నం కాళ్ళ వాపు దిగిపోయింది. కళ్ళెం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. టీవీలవాళ్ళు రెండురోజులు 'మధ్యాహ్న సంజీవని' అని మొత్తుకుని వేరే పనిలో పడ్డారు. దుబాయిలో ఈశ్వరరావు మేనేజరుకు త్రిపుర స్వయంగా రాస్తే, ఆయనకు పన్నెండున్నరకు క్రేను దిగి నీడపట్టున కూర్చునే వీలు కల్పించారు. పూణెలో అమ్మ రేకు ఆరు నెలలు దాటింది, ఏడాదీ దాటింది. ఆ సంగతి చెప్పడానికి రానడే ఫోను చేశాడు. పెట్టె కట్టేస్తే తమకూ ఏం తోచక, తన ల్యాబులో అందరూ ఇన్నేళ్ళలో మొదటిసారి కలిసి కూర్చుని భోంచేస్తున్నారని, అది కూడా మీ పుణ్యమేనని అన్నాడు. ఇక గిన్నె రాదని మెహర్‌కు కొంచెం దిగులేసింది.

ఇక మిగిలింది ఆ సంగతంతా పత్రంగా రాయడం. ఒక ఆదివారం త్రిపుర భోజనం కాగానే లాప్‌టాప్ ముందేసుకు కూర్చుంది. పక్కన మంచం మీద రత్నం అరకన్ను మూసుకుని, ఏం రాశావో చదవమన్నాడు. ప్రయోగ పద్ధతి దగ్గర కరెంటు కోత సంగతి దాచకుండా రాశానని చెప్పిందావిడ. జనరేటరు ఎవరిదో రాశావా అని అడిగాడు. రాయలేదంటే ఒప్పుకోలేదు, టెంట్ హౌస్ పేరు వెయ్యాల్సిందేనన్నాడు. పెళ్ళికార్డుల మీదైనా పేరు వేసేవారు, ఇంత గొప్ప పత్రంలో వెయ్యరా అన్నాడు. ఆవిడ నవ్వి, పేరు చేర్చింది.

"ఆ జనరేటరు పనికిమాలిందని ఎన్నిసార్లు తిట్టావో గుర్తుందా?" అన్నాడు రత్నం.

"గుర్తుందండీ."

"మరి దాని చేతగానితనం వల్లే కదా నేను బతికుంది?"

"మీరే కాదు. నలభై వేల మంది."

గడియారం రెండు కొట్టింది. రత్నం మాటలు మందగించాయి. ఆయన ఛాతీ లేచే తీరు నెమ్మదించడం త్రిపుర కూర్చున్న చోటినుంచే గమనించింది. అది చూస్తే ఇప్పుడు భయం లేదు. కానీ ఇన్నేళ్ళలో ఒక్క మధ్యాహ్నమైనా తను ఈ గదిలో ఈ వేళకు ఉన్నానా అని వెతుక్కుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. ఊరందరి గుండెలకూ విశ్రాంతి దొరికింది, ఆవిడకే దొరకలేదు. ఆ సంగతి ఆవిడకు ఇప్పుడే తెలిసింది.

రత్నం కళ్ళు తెరవకుండానే మంచం మీద కొంచెం అటు జరిగాడు.

"ఇంకో పేజీ ఉందండీ," అంది త్రిపుర.

"కరెంటు పోయిందనుకో," అన్నాడాయన. "అనుకుని పడుకో."

త్రిపుర లాప్‌టాప్ మూసేసింది. కిటికీ తెర లాగి, ఆయన పక్కన నడుం వాల్చింది.